తొమ్మిదో ఉత్తరంలో చెరిగిన మూడు వరుసలు

412. టవర్ ఆగడానికి నలభై రోజులు.

ఉత్తరాల పెట్టె ఎండలో పెట్టాను. వేపాకు మార్చాను. ఇరవై మూడు ఉత్తరాలూ ఉన్నాయి. చెద లేదు. ఏడో ఉత్తరం మడత దగ్గర చిరిగేలా ఉంటే వెనక సన్నటి గుడ్డ పెట్టి గంజితో అతికించాను.

పెట్టె అడుగున ఇంకొకటి ఉంది. అది బడిది కాదు. పైన నా పేరున్న కవరు. చేతిరాత హైమది. దాన్నీ ఎండలో పెట్టి, ఎండ తగ్గాక మళ్ళీ లోపల పెట్టాను. తెరవలేదు.

హైమ నా భార్య. ఈ బడి పెట్టింది ఆమే. పధ్నాలుగు నెలల కిందట పోయింది. ఈ పుస్తకంలో రోజుల అంకె ఆనాటి నుంచే. అప్పుడు నేను ఇక్కడ లేను. సముద్రం ముంచకుండా మిగిలిన మెరకల్లో మాది మూడోది. ఒకటో మెరకలో ఎవరింట్లోనో పాత ఉత్తరాలు ఉన్నాయంటే తేవడానికి పడవ మీద వెళ్ళాను. ఆమెకు జ్వరం పెరిగి తెలివి తప్పిన పూటే మందుల గది చూసే రత్నకుమారి చెవిగింజ మూగబోయింది. ఏ సీసాలో ఏముందో చెవిలో చెప్పే గొంతు లేదు. చదవడం వచ్చిన మనిషి మంచం మీద ఉంది. బడి పిల్లల్ని పిలవాలని ఎవరికీ తోచలేదు. రత్నకుమారి మూత రంగు చూసి మందు పోసింది. అది వేరే మందు.

నేను ఐదు ఉత్తరాలతో తిరిగి వచ్చాను. పంతొమ్మిది నుంచి ఇరవై మూడు వరకు అవే.

నలభై రోజుల తర్వాత టవర్ ఆగితే ఎవరి చెవిలోనూ ఏ గింజా పలకదు. అందుకే మందుల గదికి చదివే మనిషి కావాలని మెరక కమిటీ అడిగింది. యేసుమణి పేరు చెప్పాను. బడిలో పదమూడేళ్ళ పిల్ల. ఎక్కడా తడబడదు.

బెల్లం డబ్బా ఇవాళ కూడా దొరకలేదు. టీ చప్పగానే తాగాను.

413. ముప్పై తొమ్మిది.

తొమ్మిదో ఉత్తరం పాఠం. కాలువ లాకు కాపలాదారు సత్యలింగం తన అక్కకు రాసింది. తరలింపుకు ముందు ఏడాదిది. అప్పటికి సముద్రం కాలువల్లోకి వచ్చింది, ఊళ్ళలోకి రాలేదు. పిల్లలకు చరిత్ర అంటే ఈ ఇరవై మూడు ఉత్తరాలే. ఇంతకు మించి కాగితం మా దగ్గర లేదు.

"మేస్టారూ, గేదె అంటే పెద్ద మేకాండి?"

"మేక కన్నా చాలా పెద్దది."

"పడవంతుంటాదాండి?"

బోర్డు మీద గీశాను. హైమ గారైతే కుక్కలా గీసేవారని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. వెనక వరుసలోంచి నూకాలమ్మ లేచి వచ్చింది. ఆమె యాభై ఏళ్ళ మనిషి. మందుల గది బయట సీసాలు కడుగుతుంది. పుట్టు చెవుడు కాదు, ఆరేళ్ళప్పుడు జబ్బు చేసి వినికిడి పోయింది. గింజలు ఆమెకు ఏనాడూ పనికి రాలేదు. హైమ పిలిచి పిల్లల వెనక కూర్చోబెట్టింది. అప్పటి నుంచి రోజూ వచ్చి కూర్చుంటుంది.

"కొమ్ములు అలాగుండవండి మేస్టారూ. మేక కొమ్ములేసేరు" అంది, గట్టిగా. తన గొంతు ఎంత పైకి లేస్తుందో ఆమెకు తెలియదు. సుద్ద తీసుకుని రెండు కొమ్ములు వెనక్కి వంచి గీసింది. చిన్నప్పుడు చూసిందట.

తర్వాత పిల్లలు ఒక్కొక్కరే చదివారు.

"కాలువ నీళ్ళు ఉప్పగా మారాయక్కా. ముందు గేదెలు" అని ఆగి, "తాగడం మానేశాయి. మాకు ఆ తర్వాత తెలిసింది."

గేదెల దగ్గర పదకొండు మందీ ఆగుతారు. హైమ అక్కడే ఆగేది. ఆ ఉత్తరం మీద ఇష్టంతో ఆగుతుందనుకునేవాణ్ణి. ఆమె పోయాక నెలకు రెండుసార్లు తొమ్మిదో ఉత్తరం తీస్తున్నాను. పాఠం కోసం అంతగా అవసరం లేదు, ఆ ఆగడం వినడానికే. ఇది ఇక్కడ రాసుకోవడమే మంచిది.

417. ముప్పై అయిదు.

రెండు రోజులు వాన. పైకప్పు కారి పెట్టె మూత మీద పడింది. ఇరవై రెండు బాగున్నాయి. తొమ్మిదో దాంట్లో చివరి మూడు వరుసలు కరిగి నీలం మచ్చగా మిగిలాయి. ఒక్క అక్షరం లేదు. ఆరబెట్టి క్లాసుకు పట్టుకెళ్ళాను. ఉన్నంతవరకు చదవమని యేసుమణికి ఇచ్చాను.

మొదటి నుంచి వేలు జరుపుకుంటూ చదివింది. గేదెల దగ్గర ఆగింది. మచ్చ దగ్గర ఆగలేదు.

"బడి పిల్లల్ని ముందు పడవలో పంపాం. నేను లాకు దగ్గరే ఉండిపోయాను. గేట్లు ఎవరో ఒకరు చూడాలి కదా."

వేలు మచ్చ మీదుగా ఎడమ నుంచి కుడికి మూడుసార్లు నడిచింది.

"మణీ, 'పడవ' అన్న మాట ఎక్కడుందో చూపించు."

మచ్చ మధ్యలో వేలు పెట్టింది.

"కనిపిస్తోందా?"

"కనపడ్డమేంటండి. అక్కడే కదండీ ఉంటాది."

అబద్ధం చెప్పే పిల్ల కాదు. తప్పు చేశానన్న భయం మొహంలో లేదు. నేనే ఏదో మర్చిపోయినట్టు జాలిగా చూసింది.

కాగితం మిగతా పది మందికీ ఇచ్చాను. పది మందీ మచ్చ చదివారు.

ఆఖరికి నూకాలమ్మకు ఇచ్చాను. పిల్లలు ముందే మూతులు మూసుకుని నవ్వు ఆపుకుంటున్నారు. ఆమె చదువు ఎప్పుడూ అంతే. రాళ్ళ దారిలో బండి నడిచినట్టుంటుంది. "ము... ముందు గే... గేదెలు తా... తాగడం మానే... శాయి." గేదెల తర్వాత ఆగలేదు. ఆగాల్సిన చోట కాక మరెక్కడెక్కడో ఆగింది. చాలా సేపు పట్టింది. మచ్చ దాకా వచ్చి తలెత్తింది.

"ఇక్కడ తడిసిపోనాదండి. మూడు వరసలు పోనాయి. ఇంకేం లేదు."

"నూకాలత్తకి ఇంకా రాలేదండి. ఆఖరిది మర్చిపోయింది" అన్నాడు ముందు వరుసలో ఒకడు.

పెట్టె సర్దేసి పిల్లల్ని పంపేశాను.

418. ముప్పై నాలుగు.

ఒక్కొక్కరినీ విడిగా పిలిచి బోర్డు మీద కొత్త మాటలు రాశాను. వాన వెలిసింది. కోడి గూట్లో ఉంది. చిన్న మాటలే. పదకొండు మందిలో ఒక్కరూ చదవలేదు. బెదరలేదు కూడా. ఎదురుచూశారు.

"మీరు ఒక్కసారి చెప్పండి మేస్టారూ, చదివేత్తాం" అంది యేసుమణి.

ఒకసారి చెప్పాను. చదివేసింది.

వీళ్ళ తాతల కాలం నుంచీ అన్నీ చెవిలోనే. ఒకసారి విన్నది మర్చిపోవడం వీళ్ళకు చేతకాదు. కాగితం అంటే గొంతును గుర్తు చేసే వస్తువు అనుకున్నారు. అలా అనుకోవడంలో వాళ్ళ తప్పేమీ లేదు. ప్రతి ఉత్తరాన్నీ ముందు మేం చదివి వినిపించాం. పద్ధెనిమిది హైమ గొంతులో వచ్చాయి. మిగతా ఐదూ నా గొంతులో, నా తొందరతో సహా వచ్చాయి. మందుల గదిలోని నలభై సీసాల పేర్లూ హైమ పాటలా నేర్పింది. అవి అరలో ఉన్న వరుసలో ఉంటేనే వీళ్ళకు వస్తాయి.

హైమ పోయిన రోజు పిల్లల్ని పిలిచి ఉన్నా లాభం ఉండేది కాదు.

మధ్యాహ్నం నూకాలమ్మ దగ్గరికి వెళ్ళాను. తొట్టి ముందు కూర్చుని సీసాలు కడుగుతోంది. ఎలా నేర్చుకున్నావని పలక మీద రాశాను. పెదవులు కదుపుతూ చదువుకుంది.

"అమ్మగారు ఏలు పట్టుకుని దిద్దించేవోరండి. ఆళ్ళందరికీ గొంతు ఇనపడతాది. నాకు గీతలే కదండీ ఉన్నాయి. అయ్యే పట్టుకున్నాను."

సీసాల మీది పేర్లు వచ్చా అని రాశాను.

"కడిగేవన్నీ సదూతానండి. ఊరికే, తోచక." ఒక సీసా కడిగి బోర్లించింది. "ఆ రోజూ ఇక్కడే ఉన్నానండి. లోపల ఏదో హడావిడి. జనం ఇటూ అటూ తిరుగుతున్నారు. నాకెవరూ సూపించలేదు."

పలక తుడిచాను.

421. ముప్పై ఒకటి.

మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. చెప్తే బడి గది పోతుంది. వలలు ఆరబెట్టడానికి ఆ గది కావాలని రెండేళ్ళుగా అడుగుతున్నారు. చెప్పకపోతే యేసుమణి మందుల గదిలో కూర్చుంటుంది. టవర్ ఆగాక ఎవరో ఒకరు సీసా వరుస మార్చి పెడతారు. ఆ మంచం మీద ఈసారి ఎవరుంటారో తెలియదు.

ఇవాళ కమిటీ పెద్ద బుల్లబ్బాయి గారి దగ్గరికి వెళ్ళాను. పడవ బోర్లించి అడుగున తారు పూస్తున్నాడు. అంతా విన్నాడు.

"మరి మూడేళ్ళూ మీరిద్దరూ ఏం చేసేరండీ?"

"ఉత్తరాలు చదివి వినిపించాం."

"ఇనిపించడానికి గింజలున్నాయి కదండి మాకు."

"అవునండి."

కొంచెంసేపు పూత పూశాడు. "యేసుమణి వాళ్ళమ్మ ఊరంతా చెప్పుకుంది. ఇప్పుడు నేనేం చెప్పాలండీ ఆవిడకి?"

"నేనే చెప్తాను. మందుల గదికి మనిషి ఉంది. నూకాలమ్మ."

బ్రష్ ఆపాడు. "సీసాలు కడిగే నూకాలు?"

"ఆవిడకు చదవడం వచ్చు."

"బాగుందండి. మెరకంతా చెవులున్నోళ్ళయితే, చదూకున్నది చెవిటి మనిషా." నవ్వలేదు. "పిల్లల ఇసయంలో మీ మాట నమ్మి ఒకసారి ఎర్రిమొకం వేసేం. ఇప్పుడు మళ్ళీ మీ మాటే నమ్మమంటారు. అందరి ముందూ సూపించండి. కాకపోతే ఆ గదికి రేపే వలలు తెచ్చేత్తాం."

సాయంత్రం యేసుమణి ఇంటికి వెళ్ళి చెప్పాను. తల్లి లోపలికి వెళ్ళిపోయింది. మణి గుమ్మంలో నిలబడి ఉంది.

"నేను తప్పు సదివేనాండి? ఒక్క మాటైనా తప్పు పోయిందాండి?"

"లేదమ్మా. ఒక్కటీ పోలేదు."

"మరి?"

బడికి మళ్ళీ రమ్మని చెప్పి వచ్చేశాను.

423. ఇరవై తొమ్మిది.

కమిటీ ముందు పరీక్ష. నూకాలమ్మకు వినిపించదు కదా అని బుల్లబ్బాయి గారు అందరి ముందే పైకి ఒక మాట చెప్పాడు. పలక మీద రాశాను. ఆమె దగ్గరగా పట్టుకుని చదివింది.

"బు... బుల్లబ్బాయి పడవకి సి... చిల్లు పడింది." తలెత్తింది. "మళ్ళీ పడిందాండి?"

జనం నవ్వారు. అప్పుడు రత్నకుమారి లేచింది.

"ఇది సదువు కాదండి. నూకాలు మన మొకాలు సూసి అన్నీ సెప్పేత్తాది. నలభై యేళ్ళ బట్టి దానికి అదే పని. నేను నోరు తెరవకుండానే ఏ సీసా కావాలో తెచ్చేత్తాది. ఇక్కడున్నోళ్ళందరికీ ఆ మాట తెలుసు. ఏ పెదాలు సూసిందో, మేస్టారి మొకమే సూసిందో."

అందులో నిజముంది. నూకాలమ్మ మొహాలు చదవగలదు.

"నేను వెనక్కి తిరిగి నిలబడతాను" అన్నాను.

"మిగతా యాభై మందినీ ఏం చేత్తారండి? ఎవరికీ తెలియని రాత తెండి. మీకూ తెలియకూడదు."

బుల్లబ్బాయి గారు తల ఊపాడు. "సబబుగానే ఉందండి. ఎల్లుండి దాకా టైమిచ్చాం."

మూడో మెరకలో రాయడం వచ్చింది నాకొక్కడికే. ఇక్కడ ఏ కొత్త రాత పుట్టినా నాకు తెలిసే పుడుతుంది. ఒకటో మెరకకు పడవ రానూపోనూ నాలుగు రోజులు.

రత్నకుమారి మీద కోపం తెచ్చుకోవాలని చూశాను. రాలేదు. నూకాలమ్మకు చదువు వచ్చని తేలితే, హైమ పోయిన రోజు చదవగలిగిన మనిషి గోడ అవతలే ఉన్నట్టు. దాన్ని రత్నకుమారి ఎలా మోస్తుంది.

424. ఇరవై ఎనిమిది.

నాకు తెలియని రాత ఒక్కటే ఉంది.

పొద్దున పెట్టె తీశాను. కవరు చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. దీన్ని తెరవనంత కాలం హైమ నాకు చెప్పాల్సింది ఇంకా మిగిలి ఉన్నట్టు ఉండేది. పధ్నాలుగు నెలలు దాని మీదే గడిపాను.

లోపల ఏముందో తెలియకుండా యాభై మంది ముందు పెట్టాలి. నూకాలమ్మకు గుసగుసగా చదవడం రాదు.

మధ్యాహ్నం వంట చేయలేదు. కవరు చొక్కా జేబులో పెట్టుకున్నాను.

425. ఇరవై ఏడు.

కమిటీ ముందు కవరు పెట్టాను. ఎవరిదని బుల్లబ్బాయి గారు అడిగాడు. చెప్పాను.

"మీరు సదవలేదాండి ఇన్నాళ్ళూ?"

"లేదండి."

రత్నకుమారి కవరు తీసుకుని అంచులు తడిమింది. "ఇది నేను అంటించిందే. అమ్మగారి మంచం పక్కన కాయితమూ కవరూ ఉంటే, లోపల పెట్టి గంజితో అంటించేను. గంజి కదల్లేదు." ఆమె గొంతు తగ్గింది. "మేస్టారూ, ఇది వద్దులెండి. ఇంకోటేదైనా సూద్దాం."

"ఇంకొకటి లేదమ్మా."

నూకాలమ్మే చింపింది. ఒక్క కాగితం. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. గోడ మీద పిల్లలు సుద్దతో గీసిన గేదె ఉంది.

ఆమె మొదలుపెట్టింది. చేపల రేవు దాకా వినిపించే గొంతు.

"ఏ... ఏమండీ. పడవ ఎల్లుండి వస్తుం... దంటున్నారు. జ్వ... జ్వరం తగ్గలేదు. బెల్లం డబ్బాకు చీ... చీమలు పట్టాయి. అటక మీద పెట్టాను. వెతు... వెతుక్కుంటారని రాస్తున్నాను."

ఎవరో నవ్వబోయి మానేశారు.

"ఒక సంగతి. పిల్లలు చ... చదవడం లేదు. నా గొంతు అప్ప... అప్పజెబుతున్నారు. తొమ్మిదో ఉత్తరంలో గే... గేదెల దగ్గర నాకు ఊపిరి అం... అందక ఆగుతాను. వాళ్ళూ అక్కడే ఆ... ఆగుతున్నారు. అది విని తె... తెలిసింది."

గోడ మీది గేదెకు మేక కొమ్ములు. ఎవరో నా బొమ్మ చూసి గీశారు.

"తప్పు నాదే. ముందు చదివి విని... వినిపించకుండా ఉండాల్సింది. మళ్ళీ మొదటి నుంచి మొ... మొదలుపెట్టాలి. ఇంత కష్టం ఉత్తదేనా అని మీరు కో... కోప్పడతారు. నూ... నూకా..."

ఆగింది. నేను తిరగలేదు.

"మేస్టారండీ, ఇది నా పేరండి."

"చదువమ్మా" అన్నాను, వినిపించదని మర్చిపోయి. బుల్లబ్బాయి గారు చెయ్యి ఊపినట్టున్నాడు.

"నూకాలు ఒక్కతే చదువుతోంది. ఆమెను మం... మందుల గదిలో కూర్చో... బెట్టమని బుల్లబ్బాయి గారితో చెప్పండి. ఆలస్యం చే... చేయకండి. మీరు వచ్చాక"

ఎదురుచూశాను. జనమంతా ఎదురుచూశారు.

"ఇక లేదండి" అంది నూకాలమ్మ. "కాయితం ఖాళీ."

తిరిగి చూసేసరికి రత్నకుమారి ఆమె ముందు నిలబడి ఉంది. మెడలోంచి తాడు తీసింది. మందుల గది తాళం చెవి దానికే ఉంటుంది. నూకాలమ్మ చేతిలో పెట్టి, ఆ చెయ్యి వదలకుండా ఉండిపోయింది. నూకాలమ్మ ఆమె మొహం చూసింది. అందులో ఏం చదివిందో పైకి చెప్పలేదు.

బడి గది సంగతి అడిగాను.

"వలలు ఇంకోచోట ఆరేసుకుంటాం లెండి" అన్నాడు బుల్లబ్బాయి గారు. నా వైపు చూడలేదు.

ఇంటికి వచ్చి అటక ఎక్కాను. బెల్లం కరిగి నల్లగా డబ్బాకు అంటుకుపోయి ఉంది. గీకి తీశాను.

మొదటి రోజే ఈ కవరు తెరిచి ఉంటే పధ్నాలుగు నెలల చదువు మిగిలేది. ఇంతకన్నా ఏమీ రాయను.

426. ఇరవై ఆరు.

మొదటి నుంచి మొదలుపెట్టాం. నేను ముందు చదవను. పిల్లలకు ఇది శిక్షలా ఉంది. ఒక్కసారి చెప్పండి మేస్టారూ అని బతిమాలుతున్నారు. వేలు పట్టి దిద్దిస్తున్నాను. నూకాలమ్మ ఉదయం పూట వచ్చి రెండో వరుసకు దిద్దిస్తుంది. ఆమెకు బతిమాలడం వినిపించదు కాబట్టి వాళ్ళూ అడగరు.

యేసుమణి రావడం లేదు.

437. పదిహేను.

యేసుమణి వచ్చింది. వెనక కూర్చుంది. పలక తీసుకోలేదు.

439. పదమూడు.

పలక తీసుకుంది.

452. టవర్ ఆగింది.

ఉదయం తొమ్మిదింటికి ఆగింది. నేను పాతికేళ్ళుగా గింజ పెట్టుకోను, నాకు తేడా తెలియలేదు. పిల్లలు తలలు ఒక పక్కకు వంచి కూర్చున్నారు. చిన్నవాళ్ళు ఏడ్చారు. నూకాలమ్మ గుమ్మంలోంచి అందరినీ చూసి, "ఇలాగే ఉంటాదండి. అలవాటైపోతాది" అంది.

508. టవర్ ఆగాక యాభై ఆరు రోజులు.

మందుల గదిలో ఇంతవరకు పొరపాటు లేదు. పోయిన వారం ఎవరో సీసాల వరుస తారుమారు చేశారు. ఎవరికీ ఏమీ కాలేదు.

ఇవాళ తొమ్మిదో ఉత్తరం తీశాను. కమిటీ ముందు పరీక్ష తర్వాత దాన్ని ముట్టుకోలేదు. యేసుమణిని పిలిచాను.

"విన్నది పక్కన పెట్టు. ఉన్నదే చదువు."

"కష్టమండి. ముందే వచ్చేత్తాది."

"రానీ. ఆగి, చూసి, అప్పుడు చదువు."

వేలు పెట్టింది. పెదవులు ముందే కదిలాయి. మూసుకుంది. "కా... కాలువ నీళ్ళు." పిల్లలెవరూ నవ్వలేదు. ఇప్పుడు అందరూ అలాగే చదువుతారు. "ఉ... ఉప్పగా మారా... యక్కా. ముందు గే... గేదెలు తా... తాగడం మానేశాయి."

గేదెల దగ్గర ఆగలేదు.

చాలాసేపటికి మచ్చ దాకా వచ్చింది. వేలు నిలిచిపోయింది. ఆ మూడు వరుసలూ ఆమెకు వచ్చు. నాకూ వచ్చు. గదిలో అందరికీ వచ్చు. వేలు కదలలేదు.

"ఇక్కడ ఏం లేదండి" అంది.

"అవునమ్మా" అన్నాను. "కూర్చో."

పదకొండు మందీ చదువుతున్నారు. గదిలో ఇప్పుడు హైమ గొంతు ఎక్కడా లేదు.